మా ఇంటి తగువుకు సాక్షి ఎవరు?

తెలుగు కథల్లో ముస్లిం ఇల్లు చాలాకాలం తగువులాడలేదు. ఆ ఇంట్లో అత్తరు వాసన ఉంది. పండగనాడు సేమ్యా పాయసం ఉంది. స్నేహితుడి కోసం ప్రాణమిచ్చే మంచి సాయిబు ఉన్నాడు. పర్దా చాటున నిట్టూర్చే బేగం ఉంది. కానీ పాలవాడి బాకీ గురించి కేకలేసుకునే మొగుడూ పెళ్ళాలు లేరు. కూరలో ఉప్పెక్కువైందని పళ్ళెం పక్కకు తోసేసే అత్త లేదు. ఇద్దరు కొడుకుల మధ్య వాటాల గోల పడలేక గోడకు చేరగిలబడిన ముసలాయన లేడు. తగువు లేని ఇంట్లో మనుషులు కాపురం ఉండరు. అది ఎగ్జిబిషన్‌లో పెట్టిన బొమ్మరిల్లు. మమ్మల్ని చెడ్డగా చూపించినవాళ్ళ సంగతి అందరికీ తెలుసు. మంచిగా చూపించినవాళ్ళు కూడా మమ్మల్ని మనుషులుగా చూపించలేదని మేం అంటున్నది అందుకే.

తర్వాత మా కవిత్వం వచ్చింది. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. 1992 డిసెంబరు 6 వచ్చింది. 1998లో స్కైబాబ సంపాదకత్వంలో 'జల్‌జలా' వచ్చింది. ఆ కవిత్వం బోనులో నిలబెట్టబడ్డవాడి మాట. దేశభక్తి రుజువు చేసుకోమన్నవాళ్ళకు ఎదురునిలిచి చెప్పిన జవాబు. బోనులో నిలబడ్డవాడు రాత్రి తన ఇంట్లో జరిగిన గొడవ గురించి మాట్లాడడు. మాట్లాడితే ఆ గొడవనే తనమీద సాక్ష్యంగా తిప్పుతారని అతనికి తెలుసు. అందుకని కవిత్వంలో 'మేము' ఎంత పెద్దదైనా, ఆ మేములోపలి ఇల్లు చీకట్లోనే ఉండిపోయింది. కథ వచ్చాకనే అక్కడ దీపం వెలిగింది. ఆ దీపం పట్టుకొచ్చినవాడు చాలాసార్లు ఒక చిన్న పిల్లవాడు.

పెద్దవాళ్ళు చెప్పలేనిది పిల్లవాడు ఎందుకు చెప్పగలిగాడు? వాడు చెప్పినదాంట్లో నిజం ఎంత, ముద్దు ఎంత? ఈ రెండు ప్రశ్నలనూ మేం భీమునిపట్నంలో కూర్చుని అడుగుతున్నాం. ఊరి పేరు చెప్పడానికి కారణం ఉంది.

భీమిలి పాత రేవు. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు. పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్ళు ఇక్కడ వర్తక స్థావరం పెట్టుకున్నారు. వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి, చూడటానికి జనం వస్తారు. 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయింది. 1861 నాటికే ఇక్కడ మునిసిపాలిటీ ఉంది. ఆ మునిసిపాలిటీ ఇప్పుడు మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిసిపోయింది. ఇంత చరిత్ర ఉన్న ఊళ్ళో మా ఇళ్ళు కొద్ది. హైదరాబాదులాగా, కర్నూలులాగా, గుంటూరులాగా ఇక్కడ గల్లీలకు గల్లీలు మావి కావు. తెలుగులో ముస్లిం కథ పటం గీస్తే నల్లగొండ, వరంగల్లు, గుంటూరు, నెల్లూరు, కడప వెంటనే కనిపిస్తాయి. విశాఖ దాటి ఉత్తరానికి వస్తే పటం పలచబడిపోతుంది.

ఇళ్ళు కొద్దిగా ఉండటానికీ, తగువుకూ సంబంధం ఉంది. పెద్ద మొహల్లాలో ఒక ఇంట్లో గొడవైతే పక్కింటికి అర్థమవుతుంది. పక్కింటి ఖాలా వచ్చి కూర్చుంటుంది, కోడల్ని ఒక మాట, అత్తను ఒక మాట అంటుంది, ఒక కప్పు చాయ్ తాగి పోతుంది. తగువు మొహల్లాలో ఇంకిపోతుంది. మా దగ్గర అలా కాదు. తగువు ఉర్దూలో జరుగుతుంది, గోడకు అవతల ఉన్నవాళ్ళది తెలుగు. వాళ్ళకు గొంతు వినిపిస్తుంది, మాట అందదు. అందని మాట ఎప్పుడూ అసలుకన్నా పెద్దదిగానే ఉంటుంది. పొద్దున్నే వీధిలోకి వచ్చిన పిల్లవాణ్ణి ఆపి అడుగుతారు: "ఏటిరా గుంటడా, రాత్రి మీ ఇంట్లో ఏటా గోల?" పిల్లవాడు క్షణం ఆలోచించి, "ఏటీ లేదండి, మాయమ్మ సదువుకోమంతంది" అంటాడు.

ఆ మాట ఒక్కసారి ఆగి చూడండి. ఉర్దూలో విన్నదాన్ని తెలుగులోకి మార్చాడు. మారుస్తూ అసలు సంగతి తీసేశాడు. దాని బదులు వినేవాళ్ళకు నచ్చే సంగతి ఒకటి పెట్టాడు. చదువుకోమని కేకలేసే తల్లి ఏ ఇంట్లోనైనా ఉంటుంది గదా! పూర్వం కంపెనీల రేవుల్లో రెండు భాషలు తెలిసిన దుబాసీ చేసిన పని ఇదే. ఇరుపక్షాలకూ ఏది చెప్పాలో, ఏది చెప్పకూడదో దుబాసీకి తెలుసు. మా ఇళ్ళల్లో పుట్టిన ప్రతి పిల్లవాడూ ఆరేడేళ్ళకే దుబాసీ అవుతాడు. వాడు కట్టిన మొదటి కథ ఇంటి తగువును దాచడానికి కట్టిన కథ. "ఘర్ కీ బాత్ ఘర్ మే" అని ఇంట్లో నేర్పుతారు. "ఇంటి గుట్టు లంకకు చేటు" అని వీధిలోనూ అదే నేర్పుతారు. రెండు భాషలూ వాడికి నోరు మూసుకోవడమే నేర్పాయి.

కాబట్టి పెద్దయ్యాక ఆ పిల్లవాడే రచయితై, తన చిన్నప్పటి గొంతుతో ఇంటి గొడవ చెప్పినప్పుడు దాన్ని జ్ఞాపకాల ముచ్చట అని తేలిగ్గా తీసుకోకూడదు. దుబాసీ ఉద్యోగానికి రాజీనామా ఇస్తున్నాడన్నమాట. ముస్లిం కథలో బాల కథకుడి బరువు మాకు కనిపించేది ఇక్కడే.

ఇక తగువు అనే మాట దగ్గరికి వద్దాం. తెలుగులో దీనికి రెండు మాటలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి తగవు. 'తగు' నుంచి పుట్టినది. పాత తెలుగులో దానికి న్యాయం, ఉచితం అనే అర్థం ఉంది. 'తగవరి' అంటే న్యాయం తెలిసినవాడు. రెండోది తగాదా. ఇది మావైపు నుంచి వచ్చిన మాట. ఉర్దూలో తఖాజా అంటే ఇవ్వాల్సింది ఇమ్మని వెంటపడి అడగటం. బ్రౌను దొర నిఘంటువులో కూడా తగాదాకు బాకీ కోసం ఒత్తిడి చేయడమనే అర్థం కనిపిస్తుంది. తగవు అంటే తగినదాన్ని అడగటం, తగాదా అంటే రావలసినదాన్ని అడగటం. రెండూ చివరికి పోట్లాట అనే అర్థానికే దిగాయి. న్యాయం అడిగినా, బాకీ అడిగినా మనవాళ్ళ చెవికి గొడవలాగే వినిపించిందన్నమాట! బాకీ, వసూలు, జప్తు, జామీను, హామీ, కిస్తీ, ఖర్చు, జమ ఇవన్నీ ఆ దారిలో వచ్చినవే. తెలుగువాళ్ళకు మా భాష అప్పుల పుస్తకంలో, కచేరీ కాగితాల్లో ఎక్కువ పరిచయం. మా ఇంట్లో గొడవ కూడా ఎక్కువగా అదే పుస్తకంలోంచి లేస్తుంది.

ఏ ఇంటి తగువైనా లోపల పుట్టినట్టే కనిపిస్తుంది. అత్త నోరు చెడ్డది, కోడలికి పొగరు, మొగుడికి చేతకాదు. ఇవన్నీ నిజమే కావచ్చు. కానీ కిరాయికి ఇల్లు అడిగితే పేరు విని లేదన్నవాడు ఆ ఇంట్లో కనిపించడు. కాంట్రాక్టు పని పోయిన నాడు మొగుడు ఇంటికి తెచ్చిన మౌనం ఎక్కడ మొదలైందో ఎవరూ చెప్పరు. బయట పడ్డ మాటకు బయట జవాబు చెప్పలేనివాడు ఇంట్లో చెబుతాడు. అది భార్యమీద పడుతుంది. భార్య నుంచి పిల్లలమీద పడుతుంది. మా ఇంటి తగువులో ఒక పక్షం ఎప్పుడూ ఇంటి బయటే ఉంటుంది. ఆ పక్షాన్ని చూడగలిగింది ఇంటికీ వీధికీ రోజుకు పదిసార్లు తిరిగే పిల్లవాడొక్కడే. దుకాణంలో బాకీ మాట వినేది వాడే. ఇంట్లో ఆ మాట చెప్పి, చెప్పినందుకు చెంపదెబ్బ తినేదీ వాడే. కార్యకారణాలు వాడు కలపలేడు. కానీ రెండు ముక్కలూ వాడి దగ్గరే ఉన్నాయి. కలిపే పని పాఠకుడిది.

ఈ కొలతతో మన పుస్తకాలు చూద్దాం.

మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' 1999లో పుస్తకంగా వచ్చింది. నెల్లూరు జిల్లా కావలి, ఆ ఊరి మాట, చాలీచాలని సంపాదన, అమ్మా నాన్నా నాయనమ్మల మధ్య తిరిగే పిల్లవాడు. అంతకుముందే నామిని సుబ్రహ్మణ్యం నాయుడు చిత్తూరు జిల్లా పల్లె మాటలో పిల్లవాడి చేత ఇంటి సంగతులు చెప్పించిన 'పచ్చనాకు సాక్షిగా' తెలుగులో ఒక దారి వేసింది. ఆ దారి ముస్లిం ఇంటి గుమ్మం దాకా వచ్చింది. ఖదీర్‌బాబు చేసిన పెద్ద పని ఏమిటంటే, ముస్లిం ఇంటిని వివరించకపోవడం. ఫలానా ఆచారం ఎందుకు, ఫలానా మాటకు అర్థం ఏమిటి అని ఆగి పాఠం చెప్పడు. పిల్లవాడికి అది లోకం, దానికి అడుగున వివరణ అక్కర్లేదు. ఇంట్లో తిట్లుంటాయి, ఏడుపులుంటాయి, మళ్ళీ అందరూ కలిసి అన్నం తింటారు. 1992 తర్వాత మమ్మల్ని ఒక సమస్యగా తప్ప చూడలేకపోతున్న పాఠకులకు ఈ పుస్తకం ఒక ఇల్లు చూపించింది. అది చిన్న సంగతి కాదు.

అయితే ఆ పుస్తకాన్ని మెచ్చుకున్న తీరులో మాకొక పేచీ ఉంది. "అచ్చం మా ఇల్లులాగే ఉందండీ" అన్నారు చాలామంది. ప్రేమతోనే అన్నారు. కానీ మా ఇల్లు మీ ఇల్లులాగే ఉందన్న కారణానికే మీరు దాన్ని ప్రేమిస్తే, మీ ఇల్లులా లేని చోట ఏం చేస్తారు? నవ్వుతూ చెప్పే పిల్లవాడి వెంట నవ్వుతూ పోవడం తేలిక. వాడి నవ్వు ఆగిన చోట మనం ఆగుతున్నామా? ఇంటి గొడవలో తల్లి ఓడిపోయిన రోజున పిల్లవాడు దాన్ని తమాషాగానే చెబుతాడు, ఎందుకంటే వాడికి ఇంకో భాష లేదు. ఆ తమాషా కింద ఉన్నది చదవాల్సింది మనం. పేచీ రచయితతో కాదు. పాఠకులు పిల్లవాణ్ణి ముద్దుచేసి, వాడు తెచ్చిన సాక్ష్యాన్ని పక్కన పెట్టడంతోనే.

ముద్దు లేని బాల్యం ఎలా ఉంటుందో మా ప్రాంతంలోనే ఒకాయన చూపించాడు. విజయనగరం చాసో. 'ఎందుకు పారేస్తాను నాన్నా' లో కృష్ణుడు బడి మానిపించబడ్డ పిల్లవాడు. ఇంట్లో డబ్బు లేదు. బజారుకు పోతూ తోటిపిల్లల కంట పడటానికి సిగ్గుతో చచ్చిపోతాడు. ఆ ఇంట్లో పెద్ద కేకలు లేవు. తండ్రి దుర్మార్గుడు కాదు. అయినా చదివినవాడికి గొంతు పట్టుకుంటుంది. కారణం, చాసో పిల్లవాడి మాటలకన్నా వాడి నడకను, వాడి ఏడుపును ఎక్కువ నమ్మాడు. ఇంట్లోని లేమిని వీధిలో మోయాల్సి వచ్చినవాడు పిల్లవాడే అని ఆయనకు తెలుసు. మా కథకులు చాసో నుంచి నేర్చుకోవాల్సింది ఈ పొదుపు.

చాసో పుట్టిన 1915లోనే ఉత్తరాదిన ఇస్మత్ చుగ్తాయి పుట్టింది. ఆమె 'లిహాఫ్' 1942లో వచ్చింది. ఆ కథ పేరు చెప్పగానే అందరూ దాని మీద పెట్టిన కేసు గురించి మాట్లాడతారు. మేం వేరే సంగతి గురించి మాట్లాడతాం. ఆ కథ చెప్పే అమ్మాయి తన చిన్నప్పటి సంగతి చెబుతుంది. అన్నదమ్ములతో, వాళ్ళ స్నేహితులతో పొద్దస్తమానం కొట్లాడే పిల్ల. ఆ కొట్లాట భరించలేక తల్లి ఆగ్రా వెళ్తూ ఆ పిల్లను ఒక ప్రశాంతమైన గొప్పింట్లో, బేగం జాన్ దగ్గర దించి పోతుంది. పిల్ల భయపడింది ఆ ప్రశాంతమైన ఇంట్లోనే. కొట్లాటలున్న ఇంట్లో ఆమెకు భయం లేదు. నవాబు గారు భార్యతో పోట్లాడరు. అసలు ఆమెను పట్టించుకోరు. ఏ తగువూ లేని ఆ ఇంట్లో చీకటి పడితే గోడమీద నీడలు కదులుతాయి. పిల్లకు అర్థం కాదు, పేరు పెట్టలేదు, చూసింది మాత్రం చెబుతుంది. లాహోరులో కేసు నడిచినప్పుడు కథలో ఫలానా మాట బూతు అని వేలు పెట్టి చూపించలేకపోయారు. కేసు నిలవలేదు. పిల్లకు ఆ మాటలు తెలిస్తేగదా కథలో ఉండటానికి! తెలియనితనమే అక్కడ సాక్ష్యానికి బలమూ అయింది, రక్షణా అయింది.

ఇస్మత్ నవల 'టేఢీ లకీర్' లో షమన్ ఒక పెద్ద కుటుంబంలో పదో సంతానం. అన్ని కాన్పుల తర్వాత పుట్టిన పిల్లకు తల్లి ఒళ్ళో చోటు లేదు. ఆ ఇంటి గందరగోళమంతా ఒక చిన్న ఆడపిల్ల కోపంలోంచి కనిపిస్తుంది. 1940ల నాటికే ఉర్దూలో ఒక ముస్లిం ఆడపిల్ల తన ఇంటిని తప్పుపట్టగలిగింది. పరువు పోయిందని పెద్దలు గోల చేశారు. పరువు పోలేదు, సాహిత్యం మిగిలింది.

మళ్ళీ మన రోజులకు, మన రాష్ట్రానికి వస్తే వేంపల్లె షరీఫ్ 'జుమ్మా' ఉంది. 2011లో అదే పేరుతో సంపుటి వచ్చింది. శుక్రవారం నమాజుకు పొమ్మని చిన్నప్పటి నుంచీ కొడుకు వెంటపడే తల్లి ఆ కథలో ఉంది. తల్లికీ కొడుక్కీ మధ్య ఇలాంటి పేచీ ఏ మతంలోనైనా ఉండేదే. ఒకరు గుడికి పొమ్మంటారు, ఒకరు చర్చికి పొమ్మంటారు. కానీ 2007 మే 18 శుక్రవారం హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలింది. ఇన్నేళ్ళూ పొమ్మని పోరిన తల్లే ఇక జుమ్మాకు పోవద్దు నాయనా అంటుంది. పేచీ తీరిపోయింది. ఎవరు గెలిచారు? కొడుకు గెలవలేదు, తల్లి ఓడిపోలేదు. బయటి నుంచి వచ్చిన భయం ఇద్దరి మధ్యా కూర్చుని రాజీ చేసింది.

మేం పైన చెప్పిన మాటకు ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. మా ఇంట్లో తగువు రేపేది మాత్రమే కాదు, కొన్నిసార్లు తగువు ఆపేది కూడా బయటిదే. భయంతో కుదిరిన శాంతి కన్నా నమాజు గురించి రోజూ సాగే ఆ పోరు వెయ్యి రెట్లు ఆరోగ్యం. తల్లి తిట్టినన్నాళ్ళూ ఆ ఇంటికి ఒక ధైర్యం ఉంది. మసీదు అక్కడే ఉంటుందని, కొడుకు క్షేమంగా తిరిగొస్తాడని నమ్మకం ఉంది కనుకనే తిట్టింది.

ఇక్కడ మా పెద్దలు ఒక ప్రశ్న వేస్తారు. మనల్ని వేలెత్తి చూపడానికి కాచుకు కూర్చున్న రోజుల్లో మన ఇంటి గొడవలు మనమే వీధిలో పెట్టడం ఏం తెలివి అంటారు. ఆ భయం ఉత్తిది కాదు. 1985లో షాబానో తీర్పు వచ్చింది. 1986లో చట్టం వచ్చింది. 2017లో సుప్రీంకోర్టు ఒకేసారి చెప్పే మూడు తలాక్‌లు చెల్లవంది. 2019లో అది నేరమైంది, మొగుడికి మూడేళ్ళ దాకా జైలు. ప్రతిసారీ మా ఇంటి భార్యాభర్తల తగువు దేశం మొత్తానికి చర్చ అయింది. మా ఆడవాళ్ళకు న్యాయం కావాలన్నది నిజం. ఆ న్యాయాన్ని అడిగి కోర్టు మెట్లెక్కిన ఆడవాళ్ళు మా ఆడవాళ్ళే. కానీ ఆ చర్చల్లో ఎవరూ గడపమీద కూర్చున్న పిల్లను అడగలేదు: మీ నాన్న జైలుకు పోతే ఇంటి అద్దె ఎవరు కడతారమ్మా? మీ నాన్న జైలుకు పోకుండా ఊరికే మిమ్మల్ని వదిలేసి పోతే ఎవరు కడతారు? ఈ రెండు ప్రశ్నలూ కలిపి అడగగలిగేది కథ ఒక్కటే. చట్టం ఒకదాన్ని అడుగుతుంది, మా మతపెద్దలు ఇంకోదాన్ని అడుగుతారు.

మౌనం మమ్మల్ని కాపాడిన దాఖలా లేదు. మేం చెప్పకపోతే మా తగువు ఎవరి చేత చెప్పబడుతుందో మాలో పత్రికల్లో పనిచేసేవాళ్ళకు బాగా తెలుసు. జిల్లా పేజీలో ఒక వాడుక ఉంది: 'కుటుంబ కలహాల నేపథ్యంలో'. ఒక మనిషి చచ్చిపోతే కారణం ఆ రెండు మాటల్లో తీరిపోతుంది. కలహం ఏమిటి, ఎన్నాళ్ళది, దేని గురించి, ఎవరూ రాయరు, రాయడానికి చోటుండదు. చివరి వాక్యంలో 'మృతురాలికి ఇద్దరు పిల్లలున్నారు' అని వస్తుంది. ఆ ఇద్దరు పిల్లలే ఆ ఇంట్లో అన్నీ విన్నవాళ్ళు. వాళ్ళు వార్తకు చివర అంకెగా మిగిలారు. వార్త ముగిసిన ఆ వాక్యం దగ్గరే కథ మొదలవ్వాలి.

ఇక మా కథకుల లోపాలు కూడా చెప్పుకోవాలి. పక్కవాడి తప్పులు లెక్కపెట్టి మనవి వదిలేస్తే అది విమర్శ కాదు.

మొదటిది, సాక్షి ఎప్పుడూ మగపిల్లవాడే. వాడు దుకాణానికి పోతాడు, చెట్లెక్కుతాడు, మసీదులో వెనక వరసలో నిలబడి నవ్వుతాడు. తిరిగొచ్చాక ఇంట్లో గొడవ వింటాడు. వాడి చెల్లెలు ఎక్కడుంది? పొయ్యి దగ్గర ఉంది. గొడవ మొదలైనప్పటి నుంచీ అక్కడే ఉంది. మగపిల్లవాడు గొడవ వింటాడు, ఆడపిల్ల చాలాసార్లు ఆ గొడవకు కారణం. దాని చదువు ఆపాలా వద్దా, దాని పెళ్ళికి జహేజ్ ఎక్కణ్ణుంచి తేవాలి, అది గుమ్మంలో ఎందుకు నిలబడింది, ఈ మాటలన్నీ దాని ఎదురుగానే, అది లేనట్టుగా జరుగుతాయి. షాజహానా లాంటివాళ్ళు కవిత్వంలో ఆ నోరు తెరిచారు. కథలో ఎనిమిదేళ్ళ ఆడపిల్ల గొంతు ఇంకా కావలసినంత వినిపించలేదు. ఇస్మత్ ఎనభై ఏళ్ళ కిందట చేసిన పని తెలుగులో ఇంకా బాకీ ఉంది. ఇది అసలైన తగాదా, పాత అర్థంలో.

రెండోది, పిల్లవాడి నోట్లో పెద్దవాడి తెలివి పెట్టడం. మొదటి పేజీలో గోళీలాడిన పిల్లవాడు మూడో పేజీలో మతతత్వం గురించి ఉపన్యాసం ఇస్తాడు. ఇది సాక్షికి వాంగ్మూలం నేర్పించి బోనెక్కించడం. వినేవాడికి వెంటనే తెలిసిపోతుంది.

మూడోది, పండగనాటి రాజీ. ఇంట్లో ఎంత గొడవైనా కథ చివర ఈద్ చంద్రుడు కనిపిస్తాడు, అన్నదమ్ములు కౌగలించుకుంటారు, సేమ్యా వండుతారు. మా ఇళ్ళల్లో పండగకు ముందే గొడవలు ఎక్కువ. కొత్తబట్టలు ఎవరికి, ఫిత్రా ఎంత, పుట్టింటికి పోవాలా వద్దా, అన్నీ అప్పుడే లేస్తాయి. కౌగిలి నిజమే. ఆ కౌగిలిలో ఒకడు ఇంకా మొహం పక్కకు తిప్పుకునే ఉంటాడు. పిల్లవాడి ఎత్తు నుంచి చూస్తే అది బాగా కనిపిస్తుంది, రచయిత చూడనిస్తే.

ఇప్పుడు మా తీరం మాట. ఇక్కడి ఇంటి తగువుకు తనదైన సరుకు ఉంది. విశాఖలో 1933లో రేవు తెరిచారు. 1966లో ఉక్కు కోసం ఉద్యమం నడిచింది, తర్వాత కర్మాగారం వచ్చింది. వాటి చుట్టూ బతుకులు అల్లుకున్నాయి. విశాఖ పాతపట్నంలో దర్గా కొండ, చర్చి కొండ, వెంకటేశ్వరస్వామి కొండ పక్కపక్కనే ఉంటాయని ఊరికి వచ్చినవాళ్ళందరికీ చూపిస్తారు. కొండలు పక్కపక్కన ఉండటం గురించి వ్యాసాలు చాలా వచ్చాయి. ఆ కొండల కింద ఇళ్ళల్లో ఏ భాషలో పోట్లాడుకుంటారన్నది రాయలేదు.

మా ఇళ్ళల్లో రాత్రిపూట సాగే పోట్లాట ఒకటి ఇలా ఉంటుంది. దాదీ అంటుంది: "బచ్చా ఉర్దూ నై సీఖా తో హమారే బాద్ హమ్ కౌన్‌హై బోల్‌కే కైసా మాలూం హోతా?" ఉర్దూ రాని మనవడికి తన తర్వాత తామెవరో ఎలా తెలుస్తుందని ఆమె బాధ. తల్లి అంటుంది: "కాం పూఛ్‌నే గయే తో ఉర్దూ కౌన్ పూఛ్‌తా అమ్మీ? ఇంగ్లీష్ పూఛ్‌తే." పని అడగడానికి పోతే ఉర్దూ ఎవరడుగుతారని ఆమె లెక్క. ఇద్దరూ ఒక్క పిల్లవాడి బాగు గురించే పోట్లాడుతున్నారు. ఇద్దరి మాటా నిజమే. ట్యూషన్ ఫీజు ఒక్కదానికే డబ్బుంది. ఉర్దూ చెప్పే ఉస్తాద్‌కు ఇవ్వాలా, ఇంగ్లీషు చెప్పే మాస్టారికి ఇవ్వాలా? తండ్రి ఏం మాట్లాడడు. ఆ డబ్బు కూడా ఈ నెల లేదని అతనికొక్కడికే తెలుసు. ఇంకొకరికి కూడా తెలుసు. మధ్యాహ్నం దుకాణంలో తండ్రి అప్పు అడగడం చూసిన పిల్లవాడికి.

ఈ పోట్లాటను తెలుగులో ఎలా రాయాలి? పూర్తిగా తెలుగు చేస్తే అత్తాకోడళ్ళ మామూలు గొడవ అయిపోతుంది. పూర్తిగా ఉర్దూలో ఉంచితే మళ్ళీ గోడ అవతలి గోలే అవుతుంది. దాదీ ఉర్దూ, తల్లి సగం ఉర్దూ సగం తెలుగు, పక్కింటివాళ్ళ భీమిలి తెలుగు, బడిలో ఇంగ్లీషు, ఈ నాలుగూ ఒక్క చెవిలో పడేది పిల్లవాడికే. అందుకే బాల కథకుడు మాకు సరదా కాదు, అవసరం. రెండు భాషలూ చదివేవాళ్ళం, రెండింట్లోనూ రాసేవాళ్ళం ఈ పని చేయకపోతే ఇంకెవరూ చేయలేరు. ఉర్దూవాళ్ళకు మా తెలుగు అందదు, తెలుగువాళ్ళకు మా ఇంటి ఉర్దూ అందదు.

మా పెద్దలకు ఒక మనవి. మీ మనవరాలు రేపు కలం పట్టి మీ ఇంటి గొడవ రాస్తే, పరువు తీసిందని కాగితం చింపకండి. చివరిదాకా చదవండి. మీ నోరు చెడ్డదని అందులో ఉంటుంది. మీ నోరు అలా ఎందుకు అయిందో కూడా ఉంటుంది. ఆ రెండోది మీ తరఫున ఇంతవరకూ ఎవరూ రాయలేదు. తెలుగు పాఠకులకు కూడా ఒక మాట. ఆ కథ చదివి అచ్చం మా ఇల్లులాగే ఉందనిపిస్తే సంతోషమే. కానీ ఆ తండ్రి ఆ వేళ ఏ గుమ్మం దగ్గర కాదనిపించుకుని వచ్చాడో, ఆ గుమ్మం ఎవరిదో కూడా ఒకసారి చూసుకోండి.